పక్కింటి మేడ మీద నుంచి పెరడు కనిపించకుండా కంచెకు ఏం కట్టాలి?

చెల్లెమ్మా, మీ ప్రశ్న మొత్తం చదివాను. తిరుపతి దగ్గర అవిలాల పక్క ఇల్లు, ఇంటి వెనక పెరడు, ఉత్తరం హద్దు మీద 40 అడుగుల పొడవున రాతి కూసాలు నాటి 5 అడుగుల చైన్ లింక్ మెష్ వేయించారు. ఇన్నాళ్లూ అవతల ఖాళీ ప్లాటు కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు అక్కడ మేడ లేచింది, వాళ్ల ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీ సరిగ్గా మీ పెరటి మీదకే ఉంది, సాయంత్రం పూట మీ అత్తగారు మల్లెమొగ్గలు కోసుకోవాలన్నా, మీరు కాసేపు కుర్చీ వేసుకుని కూర్చోవాలన్నా ఇబ్బందిగా ఉంది. కంచెకు రేకులు కొట్టించాలా, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలా, ప్లాస్టిక్ ఆకుల మ్యాటా, లేక మొక్కలా అని అడుగుతున్నారు. పైగా తొందరపడి 90 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ ఒక రోలు కొనేశారు.

నేను తిరుపతి, చిత్తూరు మధ్య కంచెలు, గేట్లు, పెరటి పనులు చేయిస్తుంటాను. ఈ బాధతో వచ్చే వాళ్లందరూ సరుకు దగ్గర మొదలుపెడతారు. ఏది చవక, ఏది ఎక్కువ కాలం ఉంటుంది, ఏది చూడ్డానికి బాగుంటుంది. అదంతా తర్వాత. ముందు తేలాల్సింది ఎవరి కన్ను ఎక్కడి నుంచి మీ పెరట్లో ఏ చోటును చూస్తోంది అన్నది. అది తేలకుండా ఏం కట్టినా సగం డబ్బు వృథా.

లెక్క వేసి చూపిస్తాను. వాళ్ల ఫస్ట్ ఫ్లోర్ మట్టం మన నేల నుంచి 11 అడుగులు అనుకుందాం, నిలబడ్డ మనిషి కన్ను ఇంకో 5, మొత్తం 16 అడుగులు. బాల్కనీ అంచు హద్దుకు 6 అడుగుల అవతల ఉంది. మీరు హద్దుకు 10 అడుగుల ఇవతల కుర్చీలో కూర్చుంటే తల నేలకు 4 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ కంటి నుంచి మీ తలకు ఒక గీత గీస్తే అది మీ హద్దును పదకొండున్నర అడుగుల ఎత్తున దాటుతుంది. అంటే కంచె మీద 7 అడుగులో 8 అడుగులో రేకులు కొట్టించినా వాళ్లకు మీరు మునుపటిలాగే కనిపిస్తారు, మీకు మాత్రం గాలి పోతుంది. పదకొండున్నర అడుగుల తెర హద్దు మీద నిలబెట్టడం ఇంటి పని కాదు, దానికి ఇంజనీరు కావాలి, అనుమతి కావాలి, పక్కవాళ్లతో తగువు ఉచితం.

అదే గీతను మీ కుర్చీకి 3 అడుగుల ముందు కొలవండి. అక్కడ దాని ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలే. అంటే హద్దు మీద పదకొండున్నర అడుగులు చేయాల్సిన పని, మీరు కూర్చునే చోట ఆరున్నర అడుగుల తెర చేసేస్తుంది. ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు: కుర్చీని కంచెకు దూరంగా లాగితే దాక్కున్నట్టు అనిపిస్తుంది గానీ నిజానికి జరిగేది దానికి తలకిందులు. పై నుంచి చూసే వాళ్లకు కంచె దగ్గర కూర్చున్న మనిషే తక్కువ కనిపిస్తాడు. కంచెకు 3 అడుగుల దగ్గరకు జరిగితే హద్దు మీద 8 అడుగులు సరిపోతుంది. ఇక వాళ్ల కింది అంతస్తు కిటికీలోంచి చూసే కన్ను పునాది ఎత్తుతో కలిపి 7 అడుగులు అనుకుంటే, దానికి హద్దు మీద 6 అడుగుల తెర చాలు.

ఈ లెక్కలు మీ ఇంటికి కాస్త అటూ ఇటూ అవుతాయి కాబట్టి కాగితం మీద కాకుండా పెరట్లోనే చూసుకోండి. మీరు మామూలుగా కూర్చునే చోట కూర్చోండి, ఇంట్లో ఇంకొకరిని పొడుగాటి వెదురు బొంగుకు ఎర్రగుడ్డ కట్టి కంచె దగ్గర నిలువుగా పట్టుకోమనండి. బాల్కనీలో నిలబడే మనిషి ముఖం ఉండే చోటును గుడ్డ కప్పేదాకా పైకి జరపమనండి. అక్కడ బొంగు మీద గుర్తు పెట్టండి. తర్వాత అదే బొంగును మీకు 3 అడుగుల ముందుకు తెచ్చి మళ్లీ చూడండి. పది నిమిషాల పని, ఏ షాపు వాడూ ఇది చెప్పడు.

కాబట్టి మీ పెరటికి నేను చెప్పేది రెండు వేర్వేరు పనులు. హద్దు మీద 6 అడుగుల వరకు ఆకుల తెర, కింది అంతస్తు వాళ్ల కోసం. బాల్కనీ కోసం మీరు కూర్చునే చోట చిన్న పందిరి, ఉత్తరం పక్క పలుచగా మూసింది. కొన్నేళ్ల తర్వాతి మాట కోసం బాల్కనీకి ఎదురుగా మాత్రం నాలుగైదు పొడుగు చెట్లు. 40 అడుగులూ ఒకే ఎత్తున మూయాల్సిన పని లేనే లేదు.

ఇప్పుడు రేకుల సంగతి, ఎందుకంటే మీ వెల్డరు అదే చేయిద్దాం అన్నాడని రాశారు. ఆయనకు అది సులువు, ఒకటిన్నర రోజులో అయిపోతుంది. కానీ గాలిని లెక్కలోకి తీసుకోండి. గాలి వేగం రెట్టింపు అయితే దాని తోపుడు నాలుగింతలు అవుతుంది. మీ కూసాల మధ్య 8 అడుగులు, రేకు ఎత్తు 6 అడుగులు అనుకుంటే ఒక్కో ఖానా 48 చదరపు అడుగులు. గంటకు 72 కిలోమీటర్ల గాలి దాని మీద నూరు కిలోలకు పైగా బరువుతో తోస్తుంది. 100 కిలోమీటర్ల గాలికి అది 200 కిలోలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకు ఎలాంటి ఈదురుగాలి వస్తుందో మీకు తెలియంది కాదు, ఎండాకాలం సాయంత్రాల్లో వచ్చే గాలివాన కూడా తక్కువేం కాదు. మెష్ అయితే గాలిని వదిలేస్తుంది, నిండు రేకు మాత్రం పడవ తెరచాపలా పట్టుకుంటుంది.

ఆ తోపుడంతా చివరికి వచ్చేది రాతి కూసం మొదటికి. రాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది గానీ పక్కకు తోస్తే వంగదు, నేలమట్టం దగ్గర పుటుక్కున విరుగుతుంది. మెష్ కోసం నాటిన కూసాలు అడుగున్నరో రెండడుగులో మాత్రమే లోపల ఉంటాయి. వాటికి రంధ్రాలు వేసి క్లాంపులు బిగించి రేకులు కొట్టడం అంటే వచ్చే కార్తీకంలో కంచె మొత్తం పక్కవాళ్ల సంపులో పడటానికి ఏర్పాటు చేయడమే. నిండుగా మూసేది ఏదైనా సరే, రేకు, డబ్ల్యూపీసీ, సిమెంటు బోర్డు, దానికి వేరే స్తంభాలు నాటాలి: 6 అడుగులకు ఒకటి చొప్పున జీఐ (జింకు పూత) పైపు, బి క్లాస్ (మధ్యరకం మందం) కంటే తక్కువది వద్దు, రెండున్నర అడుగుల గుంతలో కాంక్రీటు. కాంక్రీటు పైభాగం నేలకంటే కాస్త పైకి వచ్చి పైపు నుంచి బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే అక్కడే నీళ్లు నిలిచి పైపు అక్కడే తుప్పు పడుతుంది. పైపు నెత్తిన మూత వేయించండి. ఇదంతా చెప్పకపోతే చాలామంది చేయరు.

రేకులకు వేడి ఇంకో బాధ. మీది ఉత్తరం హద్దు కాబట్టి రేకు లోపలి ముఖం దక్షిణానికి తిరిగి ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండంతా దాని మీదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ వేడి తిరిగి మీ మల్లెల మీదకే కొడుతుంది. గాలికి రేకు చప్పుడు, వానకు ఇంకో చప్పుడు. రోడ్డు పక్క పశువుల కొట్టానికి సరే గానీ కూర్చునే పెరటికి నేను ఒప్పుకోను.

డబ్ల్యూపీసీ పలకలు చూడ్డానికి బాగుంటాయి, చెదలు పట్టవు. అయితే ఎండకు సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. పలకకూ పలకకూ మధ్య సందు వదలకుండా బిగిస్తే మొదటి ఎండాకాలానికే ఉబ్బి వంకర తిరుగుతాయి. ఖర్చు కూడా ఎక్కువే. 40 అడుగులూ కట్టించకండి, పందిరికి ఉత్తరం పక్క ఒక్క తడికంత కావాలంటే పెట్టుకోండి, అడ్డంగా, పలకల మధ్య అంగుళం సందు వదిలి. పై నుంచి ఏటవాలుగా చూసే కంటికి ఆ సందులు చాలావరకు మూసుకుపోయినట్టే కనిపిస్తాయి, మీకు గాలి ఆడుతుంది.

ప్లాస్టిక్ ఆకుల మ్యాటు గురించి ఎక్కువ చెప్పను. ఏసీ షోరూములో గోడకు అది అందం. మన ఎండకు నీలం తిరిగి, పెళుసై, ఆకులు రాలి అవే నేలంతా ప్లాస్టిక్ ముక్కలు. పైగా దీపావళి రాకెట్ ఒకటి వచ్చి తగిలితే కాలి కారుతుంది.

ప్రీకాస్ట్ సిమెంటు గోడ కూడా మీలాంటి వాళ్లు అడుగుతుంటారు. పెట్టుకుంటే పెట్టుకోండి గానీ నీటి దారి చూడాలి. 2021 నవంబరు వరదలు గుర్తున్నాయి కదా, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు గట్టుకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు. అలాంటి వానకు పెరటి నీళ్లు పల్లానికి పోవడానికి దారి లేకపోతే గోడ వెనక నిలిచి గోడనే తోసేస్తాయి. నిండు గోడ ఏదైనా సరే అడుగున రంధ్రాలు వదలాల్సిందే. మెష్ ఉన్న చోట మెష్ ఉంచుకోవడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి.

వెదురు తడిక నాకు ఇష్టమైన సరుకు, మీ పందిరికి నేను మొదట చెప్పేదీ అదే. అయితే రెండు షరతులు. నేలకు నాలుగంగుళాలు పైకి కట్టాలి, మన ఎర్రనేలలో చెదలు పోటీపడి ఎక్కుతాయి. రెండోది, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన వెదురు అయితేనే పుప్పి పట్టకుండా నాలుగు కాలాలు ఉంటుంది. అలా చేసి ఇచ్చేవాళ్లు దొరక్కపోతే మామూలు తడికే తెచ్చి ఏడాదికోసారి నూనె పూయండి, రెండు మూడేళ్లకు మార్చుకోండి, ఖర్చు పెద్దదేం కాదు. కొబ్బరి కీతు చల్లగా ఉంటుంది, అందంగానూ ఉంటుంది, కానీ నిప్పు భయం, ఇళ్ల మధ్య వద్దు.

గ్రీన్ నెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేశారు. నెట్ తెరగా పనిచేసేది వెలుతురు తేడా వల్ల. ఎండ పడిన ముఖం వైపు నుంచి చూస్తే నెట్ దారాలే మెరుస్తాయి, అవతల ఏమీ కనిపించదు. నీడ ముఖం వైపు నుంచి ఎండ ఉన్న చోటుకు చూస్తే దాదాపు అంతా కనిపిస్తుంది. మన తిరుపతికి ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, మిగతా ఏడాదంతా దక్షిణంగానే ఉంటాడు. మీది ఉత్తరం హద్దు. అంటే నెట్టుకు ఎండ తగిలేది మీ వైపు, నీడ వాళ్ల వైపు. మీకు వాళ్లు కనిపించరు, మీరు మాత్రం వాళ్లకు కనిపిస్తారు! ఇదే నెట్టు దక్షిణం హద్దుకు కడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉత్తరానికి కట్టాలంటే 90 శాతమైనా పలుచగా అనిపిస్తుంది, పోనీ రెండు మడతలు వేస్తే గాలి పట్టి రేకుతో సమానం అవుతుంది.

రాత్రి పూట ఇంకా తిరగబడుతుంది. పెరట్లో లైటు వేసి, బయట చీకటిగా ఉంటే ఎలాంటి నెట్టూ దాచదు. ఇంటి గోడకు పెద్ద ఎల్‌ఈడీ పెట్టి పెరడంతా వెలిగించే అలవాటు మనవాళ్లది. దాన్ని తీసేసి మోకాలి ఎత్తున చిన్న లైట్లు పెట్టండి, లేదా కంచె మొదట్లో నుంచి ఆకుల మీదకు కొట్టేలా పెట్టండి. అప్పుడు చూసేవాళ్ల కంటికి వెలిగే ఆకులే అడ్డం, వెనక మీరు నీడలో ఉంటారు. కొత్తగా తెర ఏదీ కట్టకుండానే రాత్రి సమస్య సగం పోతుంది.

ఇప్పుడు మొక్కలు. మీ ఉత్తరం హద్దుకు దక్షిణపు ఎండ నిండుగా తగులుతుంది కాబట్టి పూల తీగలకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఉన్న 5 అడుగుల మెష్ మీద కూసాలకు పైన ఒక అడుగు పొడుగు ఇనుప ముక్కలు బిగించి రెండు వరుసలు జీఐ తీగ లాగితే 6 అడుగులు అవుతుంది. ఆకులు గాలిని వడగట్టి వదులుతాయి కాబట్టి కూసాలకు రేకంత భారం ఉండదు.

ముందుగా ఈ ఏడాది సంగతి. దొండ పాదు రెండు, తీగ బచ్చలి రెండు, చిక్కుడు నాలుగు గుంతలు పెట్టండి. రెండు మూడు నెలల్లో మెష్ పచ్చబడుతుంది, కూరగాయలు కొనే పని తప్పుతుంది. దొండ ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది, ఆకులు కాస్త రాలినా మళ్లీ చిగురిస్తుంది. ఈ పాదుల నీడన అసలు మొక్కలు నెమ్మదిగా ఎదుగుతాయి.

అసలు మొక్క అంటే నా ఓటు కాగితం పూలకే. నీళ్లు తక్కువైతేనే ఎక్కువ పూస్తుంది, మన ఎండకు అదరదు, ముళ్లుంటాయి కాబట్టి కోతులు దాని మీద నుంచి దూకడానికి జంకుతాయి. శేషాచలం కొండకు దగ్గరగా ఉన్న ఇళ్ల వాళ్లకు ఈ మాట విలువ తెలుసు, వెదురు తడికనూ నెట్టునూ కోతులు ఒక్క పూటలో చింపి పోగులు పెడతాయి. కాగితం పూలకు 5 అడుగులకు ఒక మొక్క చాలు. కానీ నెలకోసారి కత్తిరించే ఓపిక ఉండాలి, వదిలేస్తే పైన గొడుగులా పరుచుకుని బరువంతా కంచె మీద వేస్తుంది, అప్పుడు గాలికి రేకు చేసే పనే అదీ చేస్తుంది. బట్టలు ఆరేసే తీగ దగ్గర మాత్రం పెట్టకండి, చీరలు చిరుగుతాయి.

రాధామనోహరం ఇంకా తొందరగా అల్లుకుంటుంది, సాయంత్రం వాసన ఇల్లంతా నిండుతుంది, కాగితం పూలంత పదునైన ముళ్లుండవు. నీళ్లు మాత్రం ఎక్కువ తాగుతుంది. పందిరి మీదకు దాన్ని ఎక్కించండి, లేదా కర్టెన్ క్రీపర్ అని నర్సరీల్లో అమ్మే తీగ, అది పై నుంచి కుచ్చుల్లా వేలాడుతుంది, బాల్కనీ చూపుకు అదే సరైన తెర. పందిరి ఏడున్నర అడుగుల ఎత్తు పెట్టి ఉత్తరం అంచు నుంచి తీగ ఒకటిన్నర అడుగు కిందికి వేలాడనిస్తే దాని కిందే వెదురు తడిక కలుస్తుంది, మధ్యలో సందు ఉండదు.

గోరింట మంచిదే, నీళ్లు అక్కర్లేదు, అయితే ఒక్కటే వరుస వేస్తే అడుగున బోసిపోతుంది. వాక్కాయ కంచె పొలాలకు రాజా, పప్పులోకీ పచ్చడికీ కాయలు వస్తాయి, కానీ ఎదగడానికి టైం పడుతుంది, ముళ్లు చాలా పదును, చిన్న పిల్లలున్న ఇంటికి ఆలోచించుకోండి. గన్నేరు వద్దే వద్దు, ఆకు నుంచి కొమ్మ దాకా విషం, అవతల ఆవులు తిరుగుతుంటాయని మీరే రాశారు. కోనోకార్పస్ ఇంకా కొన్ని నర్సరీల్లో అమ్ముతున్నారు, తొందరగా గోడలా లేస్తుంది నిజమే, కానీ వేర్లు పైపుల్లోకీ సంపుల్లోకీ దూరతాయి, గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దాన్ని నాటడం ఆపేసింది. నర్సరీ వాడు ఎంత బాగా చెప్పినా తలూపి వచ్చేయండి.

బాల్కనీకి ఎదురుగా చెట్లు అన్నాను కదా, అది నరమామిడి. అందరూ అశోక అనేది దాన్నే, సన్నగా నిలువుగా పెరిగే రకం. హద్దుకు 4 అడుగుల ఇవతల, ఒక్కోదానికి మధ్య 5 అడుగులు, బాల్కనీ వెడల్పు మేరకే. 12 అడుగులు దాటడానికి కొన్నేళ్లు పడుతుంది, అందుకే ఇవాళే నాటాలి. కాయల కాలంలో కోయిలలు, గబ్బిలాలు వస్తాయి, కింద గలీజు అవుతుంది, అది తెలుసుకునే నాటుకోండి. అప్పటిదాకా ఆ చోట ఆగాలనిపించకపోతే రెండు అరటి పిలకలు పెట్టండి, స్నానాల గది నీళ్లు అటు మళ్లిస్తే చాలు, ఏడాది తిరక్కముందే ఎనిమిదడుగుల ఆకు. గాలివానకు పడితే పడనీండి, పిలకలు ఉంటాయిగా.

నాటడంలో అందరూ తప్పించేది ఒకటి చెబుతాను. కంచెకు పెట్టిన మొక్క మోకాలి ఎత్తు రాగానే చివర తుంచాలి. మనసొప్పదు గానీ తుంచాలి, అప్పుడే పక్క కొమ్మలు వచ్చి అడుగు నుంచి మూసుకుంటుంది. తర్వాత కూడా కత్తిరించేటప్పుడు అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉంచాలి. పైన వెడల్పైతే కింది ఆకులకు ఎండ తగలక ఎండిపోయి కాళ్ల దగ్గర ఖాళీ, ఏ కిటికీ కోసం కంచె వేశారో దానికే కన్నం. మొక్కలు మెష్‌కు ఒకటిన్నర నుంచి రెండడుగుల ఇవతల పెట్టండి. అడుగున జానెడు ఖాళీగా, చెత్త లేకుండా ఊడ్చి ఉంచండి, మన పక్క పాములకు దట్టమైన పొద మొదలు ఇష్టం. నాటే కాలం ఆగస్టు, సెప్టెంబరు. ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చేలోపు వేరు పట్టుకుంటుంది, ఎండాకాలానికి నిలదొక్కుకుంటుంది. ట్యాంకు నుంచి చిన్న డ్రిప్ గొట్టం ఒకటి వేయించండి, పైపుతో పట్టేదానికంటే నీళ్లు చాలా తక్కువ పడతాయి.

వాస్తు సంగతి కూడా అడిగారు, ఉత్తరం పక్క బరువు, ఎత్తు పెట్టకూడదని మీ మామగారు అంటున్నారని. నేను వాస్తు చెప్పేవాణ్ని కాదు, కానీ గోడ లేపకుండా తీగతోనూ పందిరితోనూ పని అయిపోతోంది కాబట్టి ఆయనతో పేచీ ఉండదనుకుంటా. పొడుగు చెట్ల దగ్గర మాత్రం మీరే మాట్లాడుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు హద్దు తేల్చుకోండి. ఖాళీ ప్లాటు ఉన్నప్పుడు నాటిన కూసాలు అరడుగు అటో ఇటో ఉండటం మామూలే, అవతల ఇల్లు లేచాక ఆ అరడుగే పెద్ద టెన్షన్. అనుమానం ఉంటే మీసేవలో ఎఫ్‌లైన్ పిటిషన్ (హద్దులు కొలవమనే అర్జీ) పెడితే సర్వేయరు వచ్చి కొలుస్తాడు. మీరు నాటే స్తంభం, దాని కాంక్రీటు, మొక్క కొమ్మ అన్నీ మీ వైపే ఉండాలి. హద్దు మీద ఎత్తు పెంచేది ఏదైనా ఉంటే మీ ఊరి సచివాలయంలో ప్లానింగ్ చూసే సెక్రటరీని అడిగి చేయండి, లేఅవుటు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతిదైతే దాని షరతులు కూడా ఒకసారి చదవండి.

కొందరు కోర్టుకు వెళ్తే వాళ్ల బాల్కనీ మూయిస్తారు అని సలహా ఇస్తారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్‌లో పక్కింటి మరుగును చెడగొట్టేలా కొత్త కిటికీ పెట్టకూడదన్న ఊరి ఆచారం గురించి ఉదాహరణ ఉన్న మాట నిజమే. కానీ అలాంటి ఆచారం మీ ఊళ్లో ఉందని మీరే రుజువు చేయాలి, కొత్త లేఅవుట్లలో అది అయ్యే పని కాదు. అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు అడ్డం లేకుండా అనుభవించిన వెలుతురు, గాలి మీద ఇంటివాళ్లకు హక్కు వస్తుంది. వాళ్లది కొత్త ఇల్లు కాబట్టి మీకు ఇప్పుడా అడ్డంకి లేదు.

దానికంటే ఒక సాయంత్రం వెళ్లి వాళ్లతో మాట్లాడండి. బాల్కనీలో నిలబడి మీ పెరట్లోకి చూడాల్సి రావడం వాళ్లకూ ఇబ్బందే. తెర ఎక్కడ కడితే చవక అంటే చూసే కంటి పక్కన, లేదా చూడబడే మనిషి పక్కన. మధ్యలో హద్దు మీదే అన్నిటికంటే ఖరీదు. వాళ్ల బాల్కనీ కమ్మీలకు ఒక వెదురు చిక్ (చుట్టి దించుకునే తెర) వేసుకుంటే వాళ్లకు దక్షిణపు ఎండా తగ్గుతుంది, మీకూ మరుగు. ఆ చిక్ ఖర్చులో సగం మీరు పెట్టుకున్నా మీ 40 అడుగుల పనితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఉంటే మీ అత్తగారినే పంపండి, నాలుగు మల్లెమూరలు పట్టుకెళ్లమనండి, నాకు తెలిసి మన పక్క ఇలాంటివి అలాగే తేలతాయి.

ఇక మీరు కొన్న నెట్ రోలు. షాపు వాడు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. తీసుకోకపోతే దాన్ని ఉత్తరం కంచెకు కట్టకుండా పందిరి నెత్తిన వేయండి, తీగ అల్లుకునేదాకా ఎండకూ మేడ మీది చూపుకూ అదే కప్పు. కట్టేటప్పుడు అంచులు మడిచి కుట్టించి ఐలెట్లు (కట్టడానికి లోహపు రింగులు) వేయించండి, బైండింగ్ వైరుతో కడితే గాలికి రాసుకుని నెట్టు కోసుకుపోతుంది. కట్టడానికి వాడే తెల్ల ప్లాస్టిక్ ట్యాగులు ఎండకు విరుగుతాయి, ఎండకు తట్టుకునే నల్లవి తీసుకోండి. చుట్టూ 12 గేజి తీగ బిగుతుగా లాగి దానికి కట్టాలి, పొట్ట వేలాడితే వాన నీళ్లు నిలిచి చిరుగుతుంది. వాయుగుండం కబురు వచ్చిన రోజు ఒక పక్క ట్యాగులు కోసి నెట్టును చుట్టి పెట్టేయండి, ట్యాగులు మళ్లీ కొనుక్కోవచ్చు.